బొచ్చుగుండీల కంచె

మా లోయలో కంచె గుంజ ఒరిగిందంటే పిలవాల్సిన మనిషి మర్డీనా గిల్లాండర్స్. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. సమ్మెట ఎత్తిందంటే మూడు దెబ్బలకి గుంజ నేలలో పాతుకుపోవాల్సిందే. ఎస్టేటు వాళ్ల కొండ కంచెలూ, గొర్రెల దొడ్లూ, ఆఖరికి చర్చి వెనక సమాధుల చుట్టూ ఉన్న దడి కూడా ఆమె చేతి పనే. స్కాట్లాండు ఉత్తరాన ఇంత కొండ ప్రాంతంలో కంచెలు వేసే ఆడమనిషి ఇంకొకరు ఉన్నారని నేను వినలేదు.

తండ్రి మర్డో కూడా అదే పని చేసేవాడు. కొడుకు పుడితే తన పేరు పెట్టుకుందామని చూశాడు. కూతురు పుట్టింది. ఉన్న పేరు పారేయడం ఎందుకని చివర తోక తగిలించి మర్డీనా అన్నాడు. పిల్లకి ఎనిమిదేళ్లు రాగానే తీగ రెండో కొస పట్టుకోవడానికి కొండ మీదికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

మా బడికి ఒకే ఒక మాస్టారు, టల్లక్ గారు. మర్డీనా కన్నా నేను రెండు తరగతులు చిన్న. ఒకరోజు ఆయన మర్డోని బడికి పిలిపించి, మా అందరి ముందే అన్నారు: "మీ పిల్ల కిటికీలోంచి బయటికి చూడటంలో ఫస్టు. మిగతా వాటిలో చెప్పుకోవడానికేం లేదు." మర్డో టోపీ చేత్తో తిప్పుకుంటూ, "బయట ఏం చూస్తోందో అడిగారా?" అన్నాడు. మాస్టారు అడగలేదు. పదిహేనేళ్లు నిండిన మర్నాడే మర్డీనా బడి మానేసి సమ్మెట పట్టుకుంది.

తర్వాత హెక్టర్‌ని పెళ్లి చేసుకుంది. బడి పిల్లల వ్యాను నడిపేవాడు, నోట్లో ఎప్పుడూ పైపు. మర్డో పోయాక ఆయన నోటుబుక్కు మర్డీనాకి వచ్చింది. మైనపు గుడ్డ అట్ట, లోపలంతా పెన్సిలు రాత. ప్రతి కంచెకీ గేటు దగ్గర్నుంచి గుంజలకి నంబర్లు వేసుకుని, ఏది పుచ్చిందో, ఏ మేకు ఊడిందో రాసుకునేవాడాయన. మర్డీనా కూడా అలాగే రాసేది, కాకపోతే ఇంకొంచెం కలిపేది. "219 పుచ్చు. 226 మీద పిచ్చుక గూడు. 231 మీద బొచ్చుగుండీలు రెండు." గుంజ చాటున గాలి తగలకుండా కూర్చుని ఓట్స్ రొట్టె తినేటప్పుడు కళ్లెదురుగా ఏది కనపడితే అది రాసేది. ఎందుకని అడిగితే, "రొట్టె తినేటప్పుడు రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది కదా" అనేది.

ఇదంతా 1987కి ముందు మాట. అప్పటికి ఆమెకి నలభై నాలుగేళ్లు. నేను పోస్టాఫీసు చూసుకునేదాన్ని. పోస్టాఫీసంటే మా ఇంటి ముందుగదే, ఒక పక్క స్టాంపులు, ఇంకో పక్క రొట్టెలూ, బిస్కెట్లూ, కిరసనాయిలూ. పోస్టుకార్డులు నా చేతి మీదుగానే పోయేవి. పోస్టుకార్డు చదవకూడదని ఏ రూల్సులోనూ నేను చూడలేదు.

టల్లక్ మాస్టారు రిటైరయ్యాక పూర్తిగా చిమ్మటల్లో పడిపోయారు. దీపాల చుట్టూ తిరిగే చిమ్మటలే, వేరే ఏమీ కాదు. తోటలో ఒక చెక్కపెట్టె పెట్టి, పైన దీపం బిగించారు. తెల్లవారగానే మూత తీసి, లోపల పేర్చిన కోడిగుడ్ల అట్టల మధ్య నక్కిన వాటిని ఒక్కొక్కటే చూసి, పేరు, సంఖ్య, తేదీ రాసి, దేశమంతటి లెక్కలు చూసే పైవాళ్లకి పంపేవారు. మా జిల్లాలో ఏ చిమ్మట ఎక్కడుందో లెక్క రాసే బాధ్యత ఆయనదే. మార్చిలో వాగు పక్క విల్లో చెట్లు పసుప్పచ్చగా పూయగానే ఆయనకి పండగ మొదలు. పేపరు కోసం నా దగ్గరికొచ్చి, "జెస్సీ, ఇవాళ హీబ్రూ అక్షరాలు ఇరవై రెండు" అని చెప్పి వెళ్లేవారు. రెక్క మీద హీబ్రూ అక్షరం లాంటి నల్లమచ్చ ఉండే చిమ్మట అది. నేను అందరికీ ఆ సంఖ్య చెప్పేదాన్ని. వాన సంగతి చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్లం.

కానీ ఆయనకి దొరకని చిమ్మట ఒకటుంది. దాని కాగితం ఏటా మార్చి చివర్లో మా గోడకి అంటించేవారు. "కనపడితే చెప్పండి: రానక్ చారల సుందరి. ఈ లోయలో చివరిసారి 1931లో ఒక పాదిరి చూశారు. మగదానికి రెక్కలుంటాయి, ఆడదానికి ఉండవు. ఏప్రిల్‌లో, మిర్టిల్ పొదలున్న బురద నేలల్లో." కింద ఆయన చేత్తో గీసిన రెండు బొమ్మలు. పంతొమ్మిది ఏప్రిళ్లుగా ఆయన దానికోసం ఆ సువాసన పొదల మధ్య పాకుతూనే ఉన్నారు.

మర్డీనా సాధారణంగా గోడల మీద కాగితాలు చదవదు. 1987 ఏప్రిల్ ఏడున, ఉత్తరం బరువు తూచేదాకా నిలబడాల్సి వచ్చి చదివింది.

"ఏమే జెస్సీ, ఈ బొమ్మ ఎవరు గీశారు?"

"మాస్టారే."

"కాళ్లు తప్పు గీశారు. ఇంకా పొట్టిగా ఉంటాయి."

"నువ్వెక్కడ చూశావే?"

"ఎక్కడేంటి, కొండ కంచె మీద. మా నాన్న బొచ్చుగుండీలు అనేవాడు. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది, ఒళ్లంతా నల్లటి బొచ్చు, వీపు మీద నారింజ రంగు కుట్లు. ఏటా ఈ రోజుల్లోనే గుంజలెక్కుతాయి. నిన్న కూడా చూశా." మళ్లీ కాగితం వైపు వంగి పేరు చదివింది. "సుందరియా? ఇదా?"

"మాస్టారు దీనికోసం మోకాళ్లు అరగదీసుకుంటున్నారే, పంతొమ్మిదేళ్లుగా."

"నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

అక్కడే ఒక పోస్టుకార్డు కొని, నా కౌంటరు మీదే పెట్టి రాసింది. బొచ్చుగుండీలు పద్నాలుగు, నిన్నటి తేదీ, కొండ గేటు నుంచి 212వ గుంజ మొదలు 240 దాకా, ఎండ తగిలే పక్కన. ఇట్లు మర్డీనా.

మూడో రోజున జవాబొచ్చింది, ఎర్ర సిరాతో. "సందేహాస్పదం. బహుశా మార్చి చిమ్మటలో ఆడది, దానికీ రెక్కలుండవు. ఏప్రిల్లో మార్చి చిమ్మట ఉంటుందా అని అడగకు, ఉంటుంది. గుంజ నంబరు అనేది ఒక స్థలం కాదు, మ్యాపు గడి నంబరు కావాలి. పురుగును చూపించాలి." ఆమె రాసినదాంట్లో ఒక అక్షరదోషాన్ని కూడా ఎత్తి చూపించారు, మూడుసార్లు రాయమని మాత్రం అనలేదు, అంతే.

"ముప్ఫై ఏళ్లయినా నా కాపీ దిద్దుతూనే ఉన్నారు" అంది మర్డీనా. కోపం వచ్చిందనుకున్నాను. కానీ ఆమె కళ్లలో ఉన్నది కోపం కాదు. వాలిన గుంజని చూసినప్పుడు చేతులు రుద్దుకుంటుంది చూడండి, అలా రుద్దుకుంది. "మార్చి చిమ్మట నాకు తెలీదా? అది చెట్ల మొదళ్లకి పట్టుకుని ఉంటుంది. ఒళ్లు నున్నగా ఉండి తోక దగ్గర మాత్రం కుచ్చు ఉంటుంది. నారింజ కుట్లు ఎక్కడున్నాయి దానికి? పురుగు కావాలంటే పురుగే ఇస్తా."

సోమవారం పొద్దున ఒకదాన్ని పట్టి, అగ్గిపెట్టెలో నాచు పరిచి పెట్టి, "ఇది జెస్సీకిచ్చెయ్, మాస్టారొస్తే ఇస్తుంది" అని హెక్టర్ చేతికిచ్చింది. హెక్టర్ దాన్ని కోటు జేబులో వేసుకున్నాడు. ఆ జేబులో అప్పటికే ఇంకో అగ్గిపెట్టె ఉంది, పైపు కోసం.

మాస్టారు పది గంటలకి వచ్చారు. రొట్టెల కోసం వచ్చిన ముగ్గురు అక్కడే ఉన్నారు. నేను పెట్టె అందించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, భూతద్దం తీసి, ఊపిరి బిగబట్టి మెల్లగా తెరిచారు. లోపల అగ్గిపుల్లలున్నాయి. ఒకదాన్ని తీసి భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు.

"ఎర్రటి తల. సన్నటి నిటారు ఒళ్లు. రెక్కలు లేవు, అది నిజమే" అన్నారు. "కానీ ఇది స్కాట్లాండంతటా విరివిగా దొరికే జాతి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెప్పొద్దూ.

అరగంటకి హెక్టర్ మొహం పాలిపోయి వచ్చాడు. వాగు వంతెన దగ్గర వ్యాను ఆపి పైపు వెలిగిద్దామని పెట్టె తెరిచాడట. బొచ్చుగుండీ బొటనవేలు మీదుగా చొక్కా చేతిలోకి నడిచి వెళ్లింది. "నేను అరిచాను, అది చూసి పిల్లలు అరిచారు" అన్నాడు. సీట్లన్నీ ఎత్తి పిల్లలు వెతికారు. దొరకలేదు. ఆ రోజు ప్రార్థనకి బడి మొత్తం ఆలస్యం.

"మర్డీనాకి నువ్వు చెప్పవే జెస్సీ" అని బతిమాలాడు.

"నీ పెళ్లాం. నువ్వే చెప్పు."

చెప్పాడు. మూడు రోజులు అతనికి టీ చల్లారాకే దొరికింది.

గురువారం ఇంకో సంగతి జరిగింది. ఎస్టేటు మేనేజరు క్యాత్‌కార్ట్ గారు మర్డీనా ఇంటికి వచ్చి, కొండ కంచె మొత్తం కొత్తగా వేయమన్నారు. రెండేళ్లుగా మర్డీనాయే అడుగుతోంది ఆ పని, ఎందుకంటే పాత లార్చ్ కొయ్య గుంజలు సగం పుచ్చిపోయి గొర్రెలు ఇటూ అటూ పోతున్నాయి. సోమవారం మొదలుపెట్టమన్నారు. పాతవన్నీ పీకి, అక్కడే కుప్పేసి తగలబెట్టమన్నారు. సరేనంది. కొత్త గుంజల పొడవు గురించి మాట్లాడుకున్నారు. ఆయన వెళ్లిపోయి, ఆమె గిన్నెలు కడుగుతూ ఉండగా అప్పుడు తట్టిందట, తగలబెట్టేది దేన్నో.

శుక్రవారం సాయంత్రం మాస్టారి తలుపు తట్టింది. నేను చూస్తూనే ఉన్నాను, మా కిటికీకి ఎదురిల్లే అది.

"మాస్టారూ, రేపు పొద్దున కొండ మీదికి రావాలి మీరు."

"మళ్లీ అగ్గిపుల్లలా?"

"సోమవారం తర్వాత ఆ గుంజలుండవు. పీకేది నేనే. మీరు రాకపోతే, అది ఇక్కడ ఉందని మీ పుస్తకంలో ఎప్పటికీ పడదు. మీకు డెబ్భై ఒకటి."

"నా వయసు నాకు తెలుసు."

"మరి చూసుకోండి."

మర్నాడు ఎనిమిదింటికి ముగ్గురం ఆమె జీపులో బయల్దేరాం. సాక్షిగా నన్ను రమ్మంది. దారిలో సన్నగా మంచు పడింది, ఆగింది, మళ్లీ పడింది. రోడ్డు పక్క కంచె దగ్గర మాస్టారు బండి ఆపించారు. "ఈ గుంజలు ఏటా చూస్తాను. ఒక్కొక్కటీ. ఎప్పుడూ ఏమీ లేదు. ఈ లోయలో అది లేదనడానికి నా దగ్గర పంతొమ్మిదేళ్ల ఆధారం ఉంది."

మర్డీనా దిగి, ఒక గుంజ మీద ముక్కు ఆనించి వాసన చూసింది. "తారునూనె పూసిన గుంజలు మాస్టారూ ఇవి. అడవుల శాఖ వాళ్లు వేయించారు. వీటి మీద సాలెపురుగు కూడా కూర్చోదు."

మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి ఆ గుంజల వరస చివరిదాకా చూశారు. తల లోపలికి తీసుకున్నారు. పంతొమ్మిదేళ్లు ఆయన కళ్ల ముందు ఎలా తిరుగుతున్నాయో నాకు వెనక సీట్లోంచే తెలిసింది.

వాగు దగ్గర జీపు ఆగిపోయింది. మంచు కరిగి నీళ్లు నిండుగా పారుతున్నాయి, తొడల లోతు. మర్డీనా పొడుగాటి రబ్బరు బూట్లు వేసుకుని, వీపు ఆయన వైపు తిప్పి వంగింది.

"ఎక్కండి."

"దేని మీద?"

"నా మీద."

"మర్డీనా, ఇది బాగోదు."

"చూసేది జెస్సీ ఒక్కతే. దానికి కార్డులు చదవడం వచ్చు గానీ, ఇవన్నీ రాసేంత తెలివి లేదు."

ఎక్కారు. నేను రాయి మీదినుంచి రాయి మీదికి దూకుతూ వెనకే వెళ్లాను. వాగు మధ్యలో ఆయన ఆమె చెవి పక్కన, "బడిలో నిన్ను నేను మోస్తున్నాననుకునేవాణ్ణి" అన్నారు.

"ఊగకండి" అంది మర్డీనా.

కొండ గేటు నుంచి నడక. గుంజలు లెక్కపెట్టక్కర్లేదు ఆమెకి, చేత్తో తట్టుకుంటూ పోయింది. 212 దగ్గర ఆగి చూశాం. ఏమీ లేదు. పదమూడు, పద్నాలుగు, ఖాళీ. గాలి చెవులు కోస్తోంది. 225 దాటాక మాస్టారు మెత్తగా అన్నారు, ఆ మెత్తదనం తిట్టు కన్నా ఘోరంగా ఉంది: "పరవాలేదమ్మా. నువ్వు ఏదో చూశావు, కాదనను. పద, వెనక్కి పోదాం."

"ఎండ రానివ్వండి" అంది మర్డీనా.

"రాకపోతే?"

"వస్తుంది. నలభై నిమిషాల్లో. మబ్బు ఆ కొండ కొమ్ము దాటాలి, అంతే."

గుంజ చాటున కూర్చుని ఫ్లాస్కులో టీ తాగాం. మిర్టిల్ పొదలు ఇంకా ఆకు వేయలేదు, ఎర్రటి పుల్లలు, కాలు పడ్డచోటల్లా కమ్మటి వాసన. చెప్పినట్టే మబ్బు జరిగింది. ఎండ కొండ వాలు మీద కంబళి పరిచినట్టు పరుచుకుంటూ మా దాకా వచ్చింది. తడి గుంజల నుంచి ఆవిరి లేచింది. మర్డీనా లేచి, ఒక్కో గుంజ మీద అరచెయ్యి ఆనిస్తూ నడిచింది, జ్వరం చూసినట్టు. 231 దగ్గర చెయ్యి తీయలేదు.

"మాస్టారూ. గడ్డిలో చూడండి. గుంజ మొదట్లో."

గడ్డిపరక కదిలింది. దాని మీది నుంచి నల్లటి చిన్న ముద్ద ఒకటి గుంజ పట్టుకుని, ఆగి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. రెక్కలు లేవు. ఒళ్లంతా బూడిద కలిసిన నల్లటి బొచ్చు. వీపు మీద నడిమధ్యన నారింజ రంగు కుట్లు, ఎవరో ఓపిగ్గా సూదితో వేసినట్టు.

మాస్టారు మోకాళ్ల మీద బురదలో కూలబడ్డారు. భూతద్దం తీసి దగ్గరికి వంగారు, మర్డీనా కూడా పక్కన కూర్చుని గడ్డి పక్కకి పట్టుకుంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. మొదట నాకు ప్రార్థన అనిపించింది. కాదు, గుర్తులు సరిచూసుకుంటున్నారు. "రెక్కలు లేవు. బొచ్చు ఒళ్లంతా, తోక దగ్గరే కాదు, కాబట్టి మార్చి చిమ్మట కాదు. నారింజ రంగు ఉంది, కాబట్టి సముద్రపు ఒడ్డున ఉండే దీని చెల్లెలూ కాదు. మిర్టిల్ ఉంది. ఏప్రిల్..." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కళ్లజోడు తడవలేదు.

"సందేహాస్పదమా?" అంది మర్డీనా.

"నోరు మూసుకో" అన్నారు మాస్టారు, పరమ సంతోషంగా.

ఆ తర్వాత ఆ డెబ్భై ఒక్కేళ్ల మనిషి పరుగెత్తారు. బురదలో, గుంజ నుంచి గుంజకి, టోపీ ఎక్కడో పడిపోయింది. 233 మీద ఒకటి. 234 మీద మూడు. "జెస్సీ, రాయి, రాయి" అని నా చేతిలో పుస్తకం పెట్టారు. 236 దగ్గర కేక వినిపించింది. మేం పరుగెత్తాం. అక్కడ మగది కూర్చుని ఉంది. రెక్కలు సన్నగా, తడిసిన సిగరెట్ కాగితంలా బూడిద రంగులో, లోపలి ఈనెలు కనపడేంత పల్చన. మీసాలు ఈకల్లా ఉన్నాయి. ఎండకి రెక్కలు ఒకసారి వణికించి, లేచి, మాస్టారి భుజం పక్కనుంచి పోయి 238 మీద వాలింది.

"ఎగిరింది" అన్నారాయన చిన్న గొంతుతో. "నాకు ఎగిరి చూపించింది."

మధ్యాహ్నం ఒంటిగంట వరకు చూశాం. ఆడవి నలభై మూడు, మగవి తొమ్మిది. మర్డీనా ఒక గుంజ పగులులోకి కత్తి మొన పెట్టి కొంచెం విడదీస్తే లోపల ఆవగింజ కన్నా చిన్న గుడ్లు, కుదురుగా పేర్చి ఉన్నాయి. మాస్టారు చూశారు. నేను చూశాను. ముగ్గురం ఒకేసారి తలెత్తి, కొండ మీది దాకా పోయే ఆ పుచ్చు గుంజల వరస వైపు చూశాం.

"సోమవారం అన్నావు కదూ" అన్నారు మాస్టారు.

మర్డీనా కత్తి మడిచి జేబులో పెట్టుకుంది. "పదండి. రేపు ఆదివారం, మేనేజరు గారు పని మాట విననే వినరు. ఇప్పుడే పోవాలి."

బురద బూట్లతోనే ఎస్టేటు ఆఫీసులోకి నడిచాం. క్యాత్‌కార్ట్ గారు కొత్త తివాచీ వైపు చూశారు.

"కొత్త కంచె పాతదానికి రెండు గజాల కింద వేస్తాను" అంది మర్డీనా. "పాత తీగ తీసేస్తాను, లేకపోతే జింకల కాళ్లు చిక్కుకుంటాయి. గుంజలు మాత్రం ఉండనివ్వండి."

"తీగ లేని గుంజలు దేనికి?"

"కూర్చోవడానికి."

"ఎవరు కూర్చోవడానికి?"

ఆ ప్రశ్నకి మాస్టారు పది నిమిషాల జవాబు చెప్పారు. బడిలో చెప్పినట్టే, గది ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ. అంతా విని క్యాత్‌కార్ట్ గారు, "చిమ్మటలంటే ఉన్ని బట్టలు కొరికేవేగా?" అన్నారు. మాస్టారి మొహం చూసి నాకే భయమేసింది. మర్డీనా మధ్యలోకి వచ్చింది.

"సార్, వందలకొద్దీ గుంజలు పీకి తగలబెట్టాలంటే నాకు వారం పడుతుంది. పీకకపోతే ఆ వారం మీకు మిగిలినట్టే."

"అది సరే. దొరగారు వచ్చి, నా కొండ మీద ఈ పుచ్చు కొయ్యలేంటని అడిగితే నేనేం చెప్పాలి?"

"చుట్టుపక్కల ఏ దొరగారి కొండ మీదా లేనిది మీ కొండ మీద ఉందని చెప్పండి."

క్యాత్‌కార్ట్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. దొరగారి స్వభావం ఆయనకి బాగా తెలుసు.

"ఎన్నాళ్లు ఉంచాలి?"

"వాటంతట అవి పడిపోయేదాకా."

"సరే" అన్నారు. మేం తలుపు దాకా వచ్చాక మర్డీనా వెనక్కి తిరిగింది. "ఇంకోటి. కొత్త గుంజలు కూడా లార్చే కావాలి. తారునూనె వద్దు."

"పదిహేనేళ్లకే పుచ్చిపోతాయి మర్డీనా."

"పిలవండి. వస్తాను."

బయటికి రాగానే మాస్టారు రోడ్డు మధ్యలో నిలబడి, ఆమె చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నారు. చివరికి, "ఆ గడి నంబరు నేను రాసుకుంటాలే" అన్నారు. ఆ సోమవారం పైకి వెళ్లిన కాగితం నా చేతి మీదుగానే వెళ్లింది. చూసినవారు అనే గడిలో ఒక్క పేరే ఉంది: మ. గిల్లాండర్స్. సరిచూసినవారు అనే చోట ఆయన సంతకం. కవరులో పెట్టి ఇచ్చారు గానీ, అంటించేముందు నాకు చూపించారు, నేను అడక్కుండానే.

తర్వాత తొమ్మిది ఏప్రిళ్లు ఇద్దరూ కలిసి తిరిగారు. ఆయన ఆమెకి మ్యాపు నేర్పారు, లాటిన్ పేర్లు నేర్పారు. ఆమె ఆయనకి కొయ్య ఏ చెట్టుదో వాసన చూసి చెప్పడం నేర్పింది. ఇద్దరూ నా కౌంటరు దగ్గర తగువులాడుకునేవాళ్లు. "ఇది బూడిద క్వేకరు చిమ్మట" అని ఆయన, "రెక్క చివర గుండ్రంగా ఉంది, కాదు" అని ఈమె. గెలిచినవాళ్లు బిస్కెట్టు తినేవాళ్లు. చివరి ఏడాది ఆయన కొండ ఎక్కలేకపోయారు. ఆమె పొద్దున్నే లెక్కపెట్టి వచ్చి, మంచం పక్కన కూర్చుని ఒక్కో గుంజ నంబరు చదివి వినిపించేది. ఆయన కళ్లు మూసుకుని, "ముప్ఫై నాలుగు దగ్గర కాసేపు ఆగు" అనేవారు. ఆయన పోయాక జిల్లా లెక్కలు రాసే పని ఆమెకి అప్పగించారు. బడి మధ్యలో మానేసిన మనిషికి ఇవ్వొచ్చా అని ఎవరో అడిగారట పైన. మాస్టారు ముందే రాసి పెట్టిన ఉత్తరం చూపించాక ఎవరూ మళ్లీ అడగలేదు.

కొత్త గుంజల మీద మొదటి సుందరి ఎక్కడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ రోజు మర్డీనా హెక్టర్ వ్యానుకి అడ్డంగా నిలబడి, పిల్లలందర్నీ దింపి కొండకి తీసుకుపోయింది. బడి మళ్లీ ఆలస్యం. ఈసారి హెక్టర్ అరవలేదు.

ఇప్పుడు ఆమెకి డెబ్భై మూడు. సమ్మెట దించేసింది గానీ పుస్తకం దించలేదు. మొన్న మార్చి ఇరవై ఆరున, నేను ఆమెతో రొట్టె కోసం నడిచి వెళ్తున్నాను. మంచి ఎండ. రోడ్డు పక్క బర్చ్ చెట్ల చిటారు కొమ్మల దగ్గర ఏదో చిన్నది చరచరా తిరిగింది. ఒక్క క్షణం వెనక రెక్క నారింజ రంగులో మెరిసింది.

"ఆగు" అంది. చేతి సంచీ నాకిచ్చి, బైనాక్యులర్స్ తీసి, అలాగే రోడ్డు మీద వెల్లకిలా పడుకుంది.

"ఏమే, కారొస్తే?"

"ఆపు దాన్ని. ఇది నారింజ లోరెక్క, పగలు ఎగిరే చిమ్మట. మన లోయలో ఎవరూ రాయలేదు దీన్ని. దీనికి అచ్చం దీనిలాంటి అక్క ఇంకోటుంది, అది ఆస్పెన్ చెట్టు దగ్గర ఉంటుంది. ఇక్కడ ఆస్పెన్ ఉందా?"

"నాకేం తెలుసే."

"చూసి చెప్పు. ఆకు లేకపోయినా బెరడు చూస్తే తెలుస్తుంది, పచ్చగా, డైమండు ఆకారంలో గుంటలుంటాయి."

పోస్టు వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, నేల మీద ఉన్న ఆమెని చూసి కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. "అంబులెన్సు పిలవనా అమ్మా?"

"పక్కకి జరుగు నాయనా, ఎండకి అడ్డొస్తున్నావు" అంది మర్డీనా. "జెస్సీ, బెరడు?"

నేను డెబ్భై ఒక్కేళ్ల వయసులో కందకం దాటి, ఒక్కో చెట్టు బెరడూ చేత్తో తడిమాను. అన్నీ తెల్లగా, కాగితం లాగా ఊడొస్తున్నాయి.

"అన్నీ బర్చే" అన్నాను. "ఒక్క ఆస్పెన్ కూడా లేదు."

"రాయి" అంది ఆమె, కళ్లు తిప్పకుండానే. "రెండు. కాదు, మూడు. తొందరగా రాయవే."